డీఎన్ఏ ట్యాగ్ లైబ్రరీలొచ్చాయి కదా, ఎం.ఫార్మసీలో ఇంకా సింథసిస్ ఎందుకు?

గుంటూరు ఫార్మసీ కుర్రాడు:
మా కాలేజీకి గెస్ట్ లెక్చర్‌కి వచ్చిన సారొకాయన "ల్యాబ్‌లో కాంపౌండ్లు తయారుచేసే సింథసిస్ పనైపోయింది, డీఎన్ఏ ట్యాగ్ లైబ్రరీల్లో కోట్ల కాంపౌండ్లు ఒక్క ట్యూబులోనే ఉంటున్నాయి, డేటా చదవడం నేర్చుకోండి" అన్నారు. ప్రాజెక్టు తేల్చుకోవాలి. నిజమేనా?

బెజవాడ కెమిస్ట్:
సగమే నిజం తమ్ముడూ. ఈ లైబ్రరీ 1992లో బ్రెన్నర్, లెర్నర్ అనే శాస్త్రవేత్తలు చెప్పిన ఆలోచన. అణువుని కట్టే ప్రతి మెట్టులో ఒక డీఎన్ఏ ముక్క తగిలిస్తారు. మెట్టుకి 1000 బిల్డింగ్ బ్లాకులు (అణువులో చేర్చే చిన్న రసాయన ముక్కలు), మూడు మెట్లు, మధ్యలో అన్నీ కలిపి మళ్ళీ పంచడం: 100 కోట్ల కాంబినేషన్లు. మందు పనిచేయాల్సిన టార్గెట్ ప్రొటీన్‌కి అంటుకోనివి కడిగేసి, మిగిలినవాటి డీఎన్ఏని పీసీఆర్ అనే పద్ధతితో కాపీలు పెంచి చదువుతారు.

కానీ ట్యాగ్ చెప్పేది ఏమేం వేశారో అంతే. రియాక్షన్ సగంలో ఆగిపోయినా ట్యాగ్ అదే! అందుకే హిట్ (ప్రొటీన్‌కి అంటుకున్నట్టు కనిపించిన కాంపౌండ్) రాగానే దాన్ని డీఎన్ఏ లేకుండా విడిగా తయారుచేసి మళ్ళీ పరీక్షించాలి. అది చేసేదెవరు? మిశ్రమంలోని పదార్థాలను మచ్చలుగా విడదీసి చూపే టీఎల్‌సీ ప్లేటు మీద రెండు మచ్చలు కలిసిపోతే సాల్వెంట్ మార్చి విడదీయడం తెలిసినవాళ్ళే.

నాగార్జున యూనివర్సిటీ పాత స్టూడెంట్:
అన్నా, మీరు దీన్ని మరీ తగ్గించేస్తున్నారు. పాత పద్ధతిలో లక్షల కాంపౌండ్లు విడివిడిగా ప్లేట్లలో పెట్టి రోబోలతో పరీక్షించాలి. అది పెద్ద కంపెనీలకే సాధ్యం. ఇక్కడ కాస్త ప్రొటీన్, ఒక ట్యూబు చాలు. మందుల కంపెనీ జీఎస్‌కే వాళ్ళ 2982772 అనే కాంపౌండ్‌కి (రిప్1 కైనేజ్ అనే ప్రొటీన్ పని ఆపే ఇన్హిబిటర్) మూలం ఇలాంటి లైబ్రరీలోనే దొరికింది, మనుషుల ట్రయల్స్‌ దాకా వెళ్ళింది.

బెజవాడ కెమిస్ట్:
వెళ్ళిందమ్మా. రెండో దశలో రుమటాయిడ్ ఆర్థరైటిస్‌కి ఆశించిన ఫలితం రాలేదు. ఆ తప్పు లైబ్రరీది కాదు, అది వేరే సంగతి. నేను చూసేది మధ్యలో జరిగింది: దొరికిన హిట్‌ని మందులా మలిచింది కెమిస్టులు చేసిన మార్పులే. ప్రొటీన్‌కి అంటుకోవడం వేరు, దాని పని ఆపడం వేరు, కణంలోకి దూరడం ఇంకా వేరు.

నాగార్జున యూనివర్సిటీ పాత స్టూడెంట్:
అది కాదనను. కానీ డేటా చదవడం రాకపోతే ఏ హిట్ తయారుచేయాలో కెమిస్టుకి ఎవరు చెప్తారు? రెండూ రావాలి.

గుంటూరు ఫార్మసీ కుర్రాడు:
అయితే రెండింటికీ పనికొచ్చే ప్రాజెక్టు ఏదైనా మా చిన్న ల్యాబ్‌లో చేయొచ్చా?

బెజవాడ కెమిస్ట్:
చక్కగా చేయొచ్చు. ఘాటైన ఆసిడ్ తగిలితే డీఎన్ఏ పాడవుతుంది, పైగా రియాక్షన్ నీళ్ళలో, బాగా పలచగా జరగాలి. రెండు ముక్కల్ని కలిపే రియాక్షన్, సుజుకి కప్లింగో, అమైడ్ కప్లింగో తీసుకుని అలాంటి పరిస్థితుల్లో ఎంత శాతం పూర్తవుతుందో, ఏ బిల్డింగ్ బ్లాకులు మొరాయిస్తాయో కొలువు. డీఎన్ఏ కొనక్కర్లేదు. ముందు ఆ శాతం కొలిచే మీ హెచ్‌పీఎల్‌సీ మెషీన్ పనిచేస్తోందో లేదో కనుక్కో.