లగ్గకెక్కిరా, లగ్గానికెక్కిరా?

భువనగిరి: మా తాత చెప్పే, మొగలుల మీద తిరగబడ్డ సర్వాయి పాపన్న కథలో ఒక ముక్క మూడు రోజులుగా నాలుక మీద ఆడుతున్నది. "...పిలగాండ్లు లగ్గకెక్కిరి, ఎనకకు సూడరైరి." ముందరి పాదం యాదికి లేదు. 1708లో పాపన్న మా కోట మీదికి వచ్చినప్పటి ముచ్చట. లగ్గకా, లగ్గానికా?

సూర్యాపేట: లగ్గానికే, అంటే పెండ్లికే. బంటుకు చావే లగ్గం. బాసికం కట్టుకొని పోయినట్టు పోయిన్రని కవి భావం.

పాలమూరు: లగ్గానికి పోతరు గానీ ఎక్కుతరా అన్నా? లగ్గ అంటే కోట గోడలెక్కి మీద పడడం. నిఘంటువులో లగ్గపట్టు కూడా ఉంది, చూడండి.

సూర్యాపేట: లగ్గం పీటలు ఎక్కరా మరి?

మక్తల్: మాకు ఈ తకరారే లేదు. కన్నడ పేపర్లలో క్రికెట్ టీము ఫైనల్‌కు పోయినా "లగ్గె" అనే రాస్తరు. మీరు మరిచిన మాట కృష్ణ దాటితే రోజూ దొరుకుతది.

పాలమూరు: అదీ! ముట్టడి వేరు, లగ్గ వేరు. 1687లో ఔరంగజేబు గోలకొండ చుట్టూ ఎనిమిది నెలలు కూసున్నది ముట్టడి. నిచ్చెనలేసి ఎక్కబోయింది లగ్గ. ఆఖరికి తలుపు లోపలి మనిషే తీసిండు, దానికి మాత్రం తెలుగులో ముద్దుగా ఏ పేరూ లేదు. ఆ తలుపు కాడ ఒళ్లంతా గాయాలైనా కత్తి దించని గోలకొండ సర్దారు అబ్దుర్ రజాక్ లారీ లగ్గకెక్కలేదు, లగ్గను ఆపినోడు. ధైర్యం అటు కూడా ఉంటది.

దేవరకొండ: రెండింటికీ మూలం ఒక్కటే అని నా అనుమానం. ప్రాకృతంలో లగ్గ అంటే అంటుకున్నది. పెండ్లిపిల్లకు పిలగాడు, గోడకు బంటు. కోటల మాట వచ్చింది గనుక చెప్తున్న, నందికంత పోతరాజు కఠారి కోసం శ్రీనాథుడు మా దేవరకొండను ఏలిన పద్మనాయకుల సభకు వచ్చిండంటరు. ముట్టడి లేదు, లగ్గ లేదు. పద్యం చదివి కత్తి అడిగిండు! అసలు ఆ "కంత" ఏందో ఎవరన్నా తేల్చిన్రా?

సూర్యాపేట: శ్రీనాథుడు వచ్చిండంటే ఇగ పాపన్న పోయినట్టే.

భువనగిరి: మేనత్తకు ఫోన్ చేసిన. "లగ్గం కాదు బిడ్డా, పగ్గం. పగ్గమెక్కిరి" అన్నది. ఆమె మాట కొట్టెయ్యలేను. మా గుట్ట ఏకశిల, పట్టుకుందామంటే గడ్డిపోచ దొరకదు, తాడు లేంది ఎట్ల ఎక్కుతరు?

పాలమూరు: పగ్గం ఎడ్లకు. పాపన్న గౌండ్లాయన. చెట్టెక్కేటోళ్ల నోట మోకు అని వస్తది గానీ పగ్గమెట్ల వస్తది?

సూర్యాపేట: పిలగాండ్లు, పగ్గం. యతి కుదిరింది గదా!

దేవరకొండ: "పి"కి "ప"తో యతి ఎక్కడ చెల్లింది సార్?

సూర్యాపేట: పాటకు పద్యం కొలత పెట్టకు పంతులూ.