9 నెలల పాపతో క్రూయిజ్: ఉగ్గు సంగతి ఎలా?

మేం హ్యూస్టన్‌లో ఉంటాం. వచ్చే నెల దగ్గర్లోని గాల్వెస్టన్ రేవు నుంచి మెక్సికోలోని కొజుమెల్ దీవికి 5 రోజుల క్రూయిజ్ (ఓడ ప్రయాణం) బుక్ చేశాం. అత్తయ్య, మామయ్య కూడా వస్తున్నారు. పాపకి 6 నెలలు నిండితే చాలన్నారు కాబట్టి వయసుతో ఇబ్బంది లేదు. నా టెన్షనంతా తిండి గురించే. తను ఉగ్గు తప్ప ఏదీ సరిగ్గా తినదు. గదిలోకి కెటిల్, రైస్ కుక్కర్ తీసుకెళ్లనివ్వరట. బియ్యం, పెసరపప్పు వేయించి పొడి చేసి పట్టుకెళ్లి, మరిగే నీళ్లు పోసి ఫ్లాస్కులో మూత పెడితే ఉడుకుతుందా? ఎవరైనా చేసి చూశారా? రాత్రిపూట అడిగినా వేడినీళ్లు ఇస్తారా?

డైపర్ పిల్లల్ని పెద్ద పూల్‌లోకి దిగనివ్వరని తెలిసి, గాలి ఊదే చిన్న టబ్ కొన్నాను. స్నానానికీ అదే. 'అక్కడ పెరుగన్నం దొరుకుతుందిలే' అని మావారి ధీమా. నిజంగా దొరుకుతుందా?