వెయిన్ ఆఫ్ మార్షల్‌లో ఆల్కహాల్: బెలూన్ పక్క నుంచి లీక్ అవుతోంది, ఏం చూడాలి?

ఈపీ_ల్యాబ్_టెక్:
పర్సిస్టెంట్ ఏఎఫ్ (వారం దాటినా ఆగని, గుండె పై గదుల అస్తవ్యస్త లయ) కేసు. వెయిన్ ఆఫ్ మార్షల్ అనే, ఎడమ పై గది మీదుండే సన్నటి సిరలోకి ఆల్కహాల్ పంపి చుట్టూ ఉన్న కండరాన్ని చంపాలి. 2 మి.మీ. బెలూన్ ఉబ్బించాక కూడా కాంట్రాస్ట్ వెనక్కి కరోనరీ సైనస్ (గుండె సిరలు కలిసే పెద్ద సిర)లోకి వచ్చేస్తోంది. గైడ్ (బెలూన్ వెళ్లే గొట్టం) లీమా షేప్‌ది (ఛాతీ లోపలి ధమని కోసం చేసిన వంపు). ఈ స్థితిలో ఆల్కహాల్ ఇవ్వొచ్చా? మొత్తం ఎంత? మిట్రల్ ఇస్త్మస్ (మిట్రల్ వాల్వ్‌కీ ఎడమ పల్మనరీ సిరకీ మధ్య పట్టీ)లో కరెంట్ ఆగడం, అంటే బ్లాక్, దీంతోనే వచ్చేస్తుందా?

సైనస్_రిథమ్:
లీక్ ఉండగా ఇవ్వకండి. మందు సైనస్‌లోకి పోతే కండరానికి అందేది ఏమీ ఉండదు. ముందు బెలూన్ రకం చూడండి, ఓవర్ ద వైరే (వైర్ వెళ్లే లోపలి దారి, అంటే లూమెన్, పొడవునా ఉండేది) కావాలి. 0.014 అంగుళాల వైర్ తీసేశాక ఆ లూమెన్‌లోంచే ఆల్కహాల్ పంపుతాం కాబట్టి ర్యాపిడ్ ఎక్స్‌చేంజ్ (ఆ దారి చివర్లో కొంతే ఉండే) బెలూన్ ఇక్కడ పనికిరాదు.

లీక్ ఎక్కువసార్లు బెలూన్ సగం సైనస్‌లో, సగం వెయిన్‌లో ఉన్నప్పుడే వస్తుంది. వైర్ మళ్లీ పెట్టి కాస్త లోపలికి జరపండి. అప్పటికీ ఆగకపోతే 2.5 మి.మీ.కి మారండి. తర్వాత అర మి.లీ. కాంట్రాస్ట్ మెల్లగా కొట్టి చూడండి: కొమ్మలు నిండాలి, సైనస్ నల్లబడకూడదు.

సీల్ బాగుంటే 98 శాతం ఇథనాల్ 1 మి.లీ., ఒకటి రెండు నిమిషాల్లో. అలా నాలుగు సార్ల వరకు. తోసేస్తే సన్నటి వెయిన్ చిట్లుతుంది. లోపలి భాగం అయ్యాక బెలూన్‌ని మొదలు దగ్గరికి లాగి మళ్లీ ఇవ్వాలి, లేకపోతే సైనస్‌ని ఆనుకున్న భాగం మిగిలిపోతుంది. చాలామంది వదిలేసే మెట్టు ఇదే.

వాడాల్సింది హెచ్‌సీఎమ్ (గుండె కండరం మందమయ్యే జబ్బు)లో సెప్టల్ అబ్లేషన్‌కి (గదుల మధ్య గోడలో కండరాన్ని చంపడానికి) తెప్పించే స్టెరైల్ డీహైడ్రేటెడ్ ఆల్కహాల్. చూడ్డానికి సెలైన్‌లానే ఉంటుంది, సిరంజికి లేబుల్ వేసి వేరే ట్రేలో పెట్టండి.

మార్షల్_రిడ్జ్:
బ్లాక్ దీంతోనే రాదండి. ఆల్కహాల్ రిడ్జ్‌నీ (ఎడమ పల్మనరీ సిరకీ, అపెండేజ్ అనే ఎడమ పై గది సంచికీ మధ్య గట్టు), ఇస్త్మస్ ఎగువ భాగాన్నీ చంపుతుంది. వాల్వ్ అంచు దగ్గర ఆర్‌ఎఫ్ (రేడియో తరంగాల వేడితో కాల్చడం) తప్పదు, ఒక్కోసారి సైనస్ లోపలి నుంచీ ఇవ్వాలి. ముందూ తర్వాతా వోల్టేజ్ మ్యాప్ తీస్తే ఎక్కడ మిగిలిందో కనిపిస్తుంది. బ్లాక్‌ని అపెండేజ్ నుంచి పేసింగ్ చేసి నిర్ధారించుకోండి.

ఫలితం మీద అంచనా కూడా ఉండాలి. 2020లో జామా పత్రికలో వచ్చిన వీనస్ ట్రయల్‌లో 343 మంది. ఒక్క ప్రొసీజర్‌తో ఏడాది వరకు అరిథ్మియా లేకుండా ఉన్నది అబ్లేషన్ మాత్రమే చేసినవాళ్లలో 38 శాతం, ఆల్కహాల్ కలిపితే 49.2. తేడా నిజమే, కానీ సగం మందికి మళ్లీ వస్తోంది. పేషెంట్‌కి ఈ మాట ముందే చెప్పాలి.

ఈపీ_ల్యాబ్_టెక్:
థాంక్యూ సార్. కాంట్రాస్ట్ బయటికి మరకలా పరుచుకుంటే ఆపేయాలా?

సైనస్_రిథమ్:
వెయిన్ చుట్టూ లేత మరక మామూలే, ఆల్కహాల్ కేశనాళికల్ని దెబ్బతీస్తే అలా కనిపిస్తుంది. పెరికార్డియం (గుండె చుట్టూ ఉండే పొర) గీతలా పరుచుకుంటే మాత్రం ఆపి, వెంటనే ఎకో. వైర్‌తోగానీ గైడ్‌తోగానీ సైనస్ చీలే ప్రమాదం ఉంది కాబట్టి కొందరు ట్రాన్స్‌సెప్టల్ (గోడ గుచ్చి ఎడమ పై గదిలోకి వెళ్లడం), హెపారిన్ (రక్తం గడ్డకట్టనివ్వని మందు) కంటే ముందే ఈ భాగం పూర్తి చేస్తారు, అది మంచి పద్ధతే.

ఇంకొకటి, అపెండేజ్ సిగ్నల్ పోయిందేమో చివర్లో చూడండి. అది పూర్తిగా ఐసోలేట్ అయితే అక్కడ గడ్డకట్టే ముప్పు ఎక్కువ, రిథమ్ బాగున్నా రక్తం పలుచన చేసే మందు ఆపకూడదు. ఎఫ్యూజన్ (గుండె చుట్టూ ద్రవం చేరడం) కొన్ని రోజుల తర్వాత కూడా రావచ్చు. ఆయాసం, పడుకుంటే పెరిగే ఛాతీ నొప్పి, కళ్లు తిరగడం ఉంటే ఫోన్‌లో సర్దిచెప్పకుండా ఎకోకి రమ్మనండి, ఈ మాట డిశ్చార్జ్ కాగితంలో తెలుగులోనే రాసివ్వండి.