బంద్ రోజు ఇందిరా పార్కులో నడవొచ్చా?

ప్రశ్న: రేపు బంద్ అంటున్నారు. మాది హైదరాబాద్‌లో దోమలగూడ, పొద్దున్నే ఇందిరా పార్కులో నడక అలవాటు. ఈ గొడవల్లో ఆ గంట ప్రశాంతత కూడా వదులుకోవాల్సిందేనా?

జవాబు 1: అక్కర్లేదండీ, వేళ మార్చుకోండి చాలు. పక్కనే ధర్నా చౌక్ కదా, జనం చేరకముందే 6కి వెళ్లి 7:30కల్లా ఇల్లు చేరండి. బ్యారికేడ్లు పడ్డాయంటే చుట్టూ తిరిగి రావాల్సిందే.

జవాబు 2: 163 సెక్షన్ (పాత 144) పెడితే మామూలుగా ఐదుగురు, అంతకుమించి గుమిగూడనివ్వరు. వాకింగ్ బ్యాచ్ ఇద్దరిద్దరుగా విడిపోండి. వాట్సాప్ గ్రూపులు మ్యూట్‌లో పెట్టండి, సగం గోల అక్కడిదే.

జవాబు 3: నడక కుదరకపోతే ఆ ప్రశాంతత ఇంట్లోనే ఫిల్టర్ కాఫీతో వెతుక్కోండి. పాలు ఈ రాత్రే తెచ్చిపెట్టుకోండి. ఫిల్టర్‌లో 3 చెంచాల కాఫీపొడి, 100 మిల్లీలీటర్ల మరిగిన నీళ్లు. పొడి గట్టిగా అదిమితే డికాక్షన్ దిగదు, అసలు అదమకపోతే పల్చగా జారిపోతుంది. అది దిగే 20 నిమిషాలూ టీవీ పెట్టకండి.