మేడ మీద పది కోళ్లు పెంచితే దాణా ఖర్చైనా తిరిగి వస్తుందా?

ప్రశ్న (ఉప్పల్, హైదరాబాద్):
మాది సొంత ఇల్లు. మేడ మీద సగం మేర రేకుల నీడ ఉంది. పది పెట్టలను పెంచి, ఇంటి వాడకానికి పోగా మిగిలిన గుడ్లను అమ్మి దాణా ఖర్చు రాబట్టుకోవాలని మా ఆలోచన. రాజేంద్రనగర్‌లోని కోళ్ల పరిశోధన సంస్థ రూపొందించిన వనరాజా, గ్రామప్రియ రకాలలో ఏది మంచిదో, చోటు తక్కువ కనుక కౌజు పిట్టలే మేలో అనుభవజ్ఞులు దయచేసి తెలియజేయండి.

జవాబు (విశ్రాంత పశువైద్యుడు):
గుడ్లే ముఖ్యమైతే గ్రామప్రియను తీసుకోండి. వనరాజా మాంసానికీ గుడ్లకూ ఉద్దేశించిన రకం. పెరటి పెంపకంలో ఏడాదికి 100, 110 గుడ్లకు మించి ఆశించలేము. గ్రామప్రియ 160 నుంచి 180 వరకు పెడుతుంది. అయితే ఈ రెండింటినీ పల్లె పెరళ్లలో తిరుగుతూ పురుగులూ గింజలూ ఏరుకుని తినే కోళ్లుగా తీర్చిదిద్దారన్న సంగతి మరవకూడదు. మేడ మీద ఏరుకోవడానికి ఏమీ దొరకదు కాబట్టి దాణా అంతా మీరే పెట్టాలి. పెట్ట రోజుకు 100 గ్రాములు తింటుందనుకుంటే ఏడాదికి 36 కిలోలు, అంటే గుడ్డుకు 200 గ్రాములకు పైనే అవుతుంది. ఫారాలలో గుడ్ల కోసమే పెంచే లేయర్ కోడి దాదాపు అంతే తిని 300కు పైగా గుడ్లు పెడుతుంది. అందువల్ల అంగడి ధరకు అమ్మితే నష్టం తప్పదు. ఎక్కువ ధర ఇచ్చేవారు ముందే కుదిరితేనే దిగండి. గుడ్డు గోధుమ రంగులో ఉన్నంత మాత్రాన నాటుకోడి గుడ్డని చెప్పకుండా, రకం పేరు చెప్పి అమ్మండి.

రోజు వయసు పిల్లలను తెస్తే మొదటి వారం బల్బు కింద 35 డిగ్రీల వెచ్చదనం ఉండాలి. మారెక్స్ అనే కోళ్ల వ్యాధికి టీకా వేసిన పిల్లలనే కొనండి. మొదటి వారంలో కొక్కెర తెగులుకు లసోటా, రెండో వారంలో గంబోరో వ్యాధికి, ఎనిమిది నుంచి పది వారాల మధ్య మళ్లీ కొక్కెర తెగులుకే ఆర్.2.బి. టీకాలు వేయించాలి. కొక్కెర తెగులు సోకాక మందు లేదు. టీకా ఒక్కటే రక్ష.

జవాబు (విజయవాడ, కౌజు పిట్టల పెంపకందారు):
డాక్టరు గారి లెక్క సరైనదే. కౌజు పిట్ట రోజుకు పాతిక గ్రాముల దాణాతో సరిపెట్టుకుంటుంది, ఏడు వారాలకే గుడ్లు మొదలుపెడుతుంది. కానీ గుడ్డు పది గ్రాములకు కాస్త అటూ ఇటూ ఉంటుంది కాబట్టి ఇంటి వాడకానికి అంతగా చాలదు. పైగా ఇవి పొదగవు. పిల్లలు కావాలంటే ఇంక్యుబేటరు కొనాలి. కొనే హోటళ్లు దగ్గరలో ఉంటే తప్ప కొత్తవారికి నేను సలహా ఇవ్వను.

జవాబు (సికింద్రాబాద్):
గుడ్ల కోసమే అయితే పుంజు అక్కరలేదు, తెల్లవారుజామున కూతతో ఇరుగుపొరుగు వారికి ఇబ్బందీ ఉండదు. వాసనకు అసలు కారణం తడి. నేల మీద వరి ఊక పరిచి, నీళ్ల తొట్టి చుట్టూ తడిసిన ఊకను వెంటనే తీసేస్తే వాసన చాలావరకు తగ్గుతుంది. మన వేసవిలో రేకుల కింద కోడి బతకడం కష్టం, కాబట్టి మార్చి నుంచే రేకుల మీద గడ్డి కప్పి, పక్కలకు తడి గోనెసంచులు కట్టాలి. ఎలుకలు దూరకుండా సన్నని ఇనుప జాలీ వాడండి. నగరపాలక సంస్థ కార్యాలయంలో అనుమతి సంగతి కూడా ముందే కనుక్కోండి.

ప్రశ్న అడిగినవారు:
అందరికీ కృతజ్ఞతలు. ముందుగా గుడ్లు కొనేవారిని కుదుర్చుకుని, ఆపై ఆరు గ్రామప్రియ పెట్టలతోనే మొదలుపెడతాము. ఒక చిన్న సందేహం: దాణా కొంత తగ్గించుకోవడానికి మేడ మీదే తొట్టిలో అజొల్లా (నీటి మీద తేలుతూ పెరిగే చిన్న మొక్క, కోళ్లకు మేతగా వేస్తారు) పెంచినవారు ఎవరైనా ఉన్నారా?