డీఫెన్‌బేకర్ సరస్సు దగ్గర పిల్లలతో టెంటు, చేపల వేట

ప్రశ్న: జూన్ చివర్లో కెనడాలోని సస్కాచెవాన్‌లో ఉన్న డీఫెన్‌బేకర్ సరస్సు దగ్గర మూడు రాత్రులు ఉందామనుకుంటున్నాం. పిల్లలకు 7, 11 ఏళ్లు. బోటు లేదు. ఒడ్డు నుంచి చేపలు పడతాయా? టెంటు విషయంలో ఏం జాగ్రత్తపడాలి?

జవాబు 1: పడతాయండీ. గాలి ఏ ఒడ్డుకు కొడుతోందో అక్కడే నిలబడండి. చిన్న చేపలు అటు చేరతాయి, వాటికోసం వాలై (walleye) అనే వేట చేప వస్తుంది. 7 గ్రాముల జిగ్ (బరువు గుండు ఉన్న గాలం), 8 పౌండ్ల బరువు ఆపే లైను (గాలపు దారం) సరిపోతాయి. పదునైన పళ్లుండే పైక్ అనే చేప కూడా ఉంటుంది కనుక గాలానికీ లైనుకూ మధ్య 20-30 సెంటీమీటర్ల స్టీల్ లీడర్ (ఉక్కు తీగ) కట్టండి, లేకపోతే దాని పళ్లకు లైను తెగుతుంది. బతికున్న చేపను ఎరగా వాడటం అక్కడ చట్టవిరుద్ధం. వానపాములు, జలగలు వాడుకోవచ్చు. 16 ఏళ్లలోపు వాళ్లకు లైసెన్సు అక్కర్లేదు, మీ ఇద్దరికీ కావాలి. వాలై బాగా తగిలేది పొద్దు వాలాక. జూన్‌లో అక్కడ సూర్యుడు అస్తమించేసరికి రాత్రి 9 దాటుతుంది, కాబట్టి మధ్యాహ్నం పిల్లల్ని తప్పక పడుకోబెట్టండి.

జవాబు 2: టెంటుకు అసలు శత్రువు గాలే. టెంటుతో వచ్చే సన్నటి మేకులు ఇసుకలో నిలవవు. 30 సెంటీమీటర్ల వెడల్పాటి ఇసుక మేకులు కొనండి, తల టెంటుకు అవతలివైపు వాలేలా దిగ్గొట్టండి. టెంటు ఇరుకు వైపు గాలికి ఎదురుగా ఉండాలి.

జవాబు 3: ఈ సరస్సు 1967లో పూర్తయిన గార్డినర్ డ్యామ్ వెనక నిలిచిన నీరు. నిటారు మట్టి గట్లు కోసుకుపోయి విరిగిపడుతుంటాయి. పిల్లల్ని వాటి అంచున గానీ కింద గానీ ఆడనివ్వొద్దు. గడ్డిలో తిరిగొచ్చాక చెవుల వెనక, జుట్టు మొదళ్లలో పిడుదులు పట్టాయేమో రోజూ చూడండి. కనిపిస్తే పట్టకారుతో చర్మానికి ఆనించి పట్టుకుని, మెలితిప్పకుండా నిదానంగా లాగండి.