పాతకాలంలో మన ఆడవాళ్లు నిజంగా ఏం కట్టుకునేవాళ్లు?

మారతహళ్లి_కోడలు:
బెంగళూరులో మా అపార్ట్‌మెంట్ తెలుగువాళ్లం ఉగాదికి ర్యాంప్ వాక్ పెట్టుకున్నాం, శాతవాహనుల కాలం నుంచి ఇప్పటిదాకా ఆడవాళ్ల వేషధారణ మీద. ప్లాన్ చూస్తే ప్రతి కాలానికీ అదే కుచ్చిళ్ల చీర, లోపల లంగా, మ్యాచింగ్ జాకెట్టు. మారేదల్లా నగలే. పిల్లలు ఇదే నిజమనుకుంటారని నా బాధ. ఏ కాలంలో ఏం కట్టుకున్నారో, ఎక్కడికెళ్లి చూడొచ్చో తెలిసినవాళ్లు చెప్పండి, ఆదివారం మీటింగ్‌లో గట్టిగా మాట్లాడాలి.

ఎగ్మూర్_పిన్ని:
అమ్మా, చెన్నై వచ్చే పని ఉంటే ఎగ్మూర్ మ్యూజియంలో అమరావతి శిల్పాల గ్యాలరీ చూడండి. దాదాపు రెండు వేల ఏళ్ల నాటి రాళ్లు. ఆడవాళ్లకు నడుము కింద పల్చటి బట్ట, దాని మీద వెడల్పాటి మొలనూలు, కాళ్లకు బరువైన కడియాలు, పైన హారాలే. కుట్టిన రవిక కనపడదు, మగవాళ్లకూ పైన అంతే. అప్పట్లో అది సిగ్గుపడే విషయం కాదు. స్టేజీ మీద అలా వద్దనుకుంటే ఒంటిరంగు టాప్ వేయించండి గానీ జరీ జాకెట్టు మాత్రం వద్దు.

ఇంకో మాట కూడా పిల్లలకు చెప్పాలి. పైన కప్పుకోవడం కప్పుకోకపోవడం అందరికీ ఇష్టం మీద జరగలేదు. తిరువాంకూరు సంస్థానంలో (ఇప్పటి దక్షిణ కేరళ, కన్యాకుమారి వైపు) నాడార్ కులం స్త్రీలు పై బట్ట కోసం దశాబ్దాలు కొట్లాడి దెబ్బలు తిన్నారు, 1859లో రాజు అనుమతి ఇచ్చాడు, అదీ పై కులాల ఆడవాళ్లలా మాత్రం కప్పుకోకూడదన్న షరతుతో. ఫ్యాషన్ చరిత్ర అంటే ఇది కూడా.

హిందూపురం_రోడ్డు:
మీకు దగ్గర్లో ఉన్నది లేపాక్షి కదండీ, సుమారు 120 కిలోమీటర్లు. వీరభద్రాలయం కప్పు మీద 16వ శతాబ్దపు రంగుల బొమ్మలు, విజయనగర రాజు అచ్యుతరాయల కాలానివి. మెడ నొప్పి పుట్టినా సరే ఆడవాళ్ల చీరలు ఒక్కొక్కటీ చూడండి, చారలు, గళ్లు, పువ్వులు, ఒకరి డిజైన్ ఇంకొకరికి ఉండదు. జుట్టు పెద్ద ముడిగా ఒక పక్కకు వాలి ఉంటుంది. విజయనగరం వేషానికి ఇంతకన్నా మంచి రిఫరెన్స్ దొరకదు, ఫోన్‌లో జూమ్ చేసి ఫొటోలు తీసుకుని టైలర్‌కి చూపించండి.

బందరు_అద్దకం:
మన బట్ట ఊరికే మనింట్లోనే ఉండిపోలేదండీ, దానికీ ఒక రౌండ్ పెట్టండి. 17వ శతాబ్దంలో మచిలీపట్నం రేవు నుంచి డచ్చివాళ్లు, ఇంగ్లీషువాళ్లు కలంకారీ గుడ్డలు ఓడల్లో పట్టుకెళ్లారు. బట్టను కరక్కాయ కలిపిన పాలలో తడిపి, బెల్లం నీళ్లలో ఇనుము పులియబెట్టి తీసిన నలుపుతో గీతలు గీసి, పటిక పూసిన చోట చిరివేరు అనే మొక్క వేరుతో ఎరుపు తెప్పించేవాళ్లు. ఎన్ని ఉతుకులు ఉతికినా రంగు పోదు, యూరప్ ఆడవాళ్లు పిచ్చెక్కినట్టు కొన్నది అందుకే. వాటితో గౌన్లు కుట్టించుకున్నారు. అక్కడి ఉన్ని, పట్టు నేతగాళ్ల పొట్ట మీద దెబ్బ పడింది. ఫ్రాన్స్ 1686లోనే ఈ బట్టల్ని నిషేధించింది. 1719లో లండన్‌లో నేతగాళ్లు ఇలాంటి నూలు బట్టలు వేసుకున్న ఆడవాళ్ల మీద వీధుల్లోనే పడి బట్టలు చింపారు, సిరా చల్లారు. రెండేళ్లకు అక్కడ వేసుకోవడాన్నే నిషేధిస్తూ చట్టం వచ్చింది, 1774 దాకా ఎత్తేయలేదు. ఒక పూల గౌను పక్కన కలంకారీ చీర నడిపిస్తే ఈ కథంతా రెండు నిమిషాల్లో చెప్పొచ్చు.

మారతహళ్లి_కోడలు:
అందరికీ చాలా థ్యాంక్స్. మరి ఇప్పటి చీర-లంగా-జాకెట్టు సెట్ ఎప్పటిది? మా కమిటీలో ఒకాయన వేల ఏళ్లదంటున్నారు.

ఎగ్మూర్_పిన్ని:
చీర పాతదే, కుచ్చిళ్లూ పాతవే, కానీ ఈ సెట్ ఊరూరా పాకి 150 ఏళ్లకు మించదు. 1860ల్లో జ్ఞానదానందినీ దేవి, రవీంద్రనాథ్ టాగోర్ అన్న సత్యేంద్రనాథ్ భార్య, భర్త ఉద్యోగం కోసం బొంబాయి వెళ్లి పార్సీ ఆడవాళ్ల కట్టు చూసి మార్చుకుంది, దానికి జాకెట్టు, లోపలి లంగా జోడించింది. బెంగాల్‌లో చదువుకున్న ఇళ్లలో అది పాకింది. తర్వాత 1894లో చిత్రకారుడు రవివర్మ పెట్టిన ప్రెస్సు నుంచి వచ్చిన లక్ష్మీ సరస్వతుల పటాలు గోడగోడకూ ఎక్కాయి, దేవతలకే చీర జాకెట్టు ఉంటే ఇక జనానికి అదే ఆదర్శం అయిపోయింది.

ఆ పెద్దాయనకు గోచీ కట్టు చూపించండి, లంగాతో పనే లేదు దానికి. మీ అపార్ట్‌మెంట్‌లో పొలం పని చేసి వచ్చిన పెద్దావిడలు ఉంటారు, చిటికెలో కట్టి చూపిస్తారు. ఆరు గజాలది సరిపోదు, తొమ్మిది గజాల నూలు చీర కొనండి, పట్టు అయితే జారిపోతుంది.